లైనక్స్‌లో పెన్‌డ్రైవ్ కాపీ నత్తనడక నడుస్తుంటే: ముందు ఎక్కడ ఆగుతోందో తేల్చుకోవాలి

లైనక్స్‌లో పెన్‌డ్రైవ్‌కి పెద్ద ఫైల్ కాపీ చేస్తుంటే ప్రోగ్రెస్ బార్ మొదట్లో దూసుకుపోయి, తీరా నూరు శాతం దగ్గరికి వచ్చాక బిగుసుకుపోవడం చాలామందికి తెలిసిన చికాకే. నెట్‌లో వెతికితే నాలుగు సెట్టింగులు దొరుకుతాయి, వాటిని టెర్మినల్‌లో గుడ్డిగా పేస్ట్ చేస్తారు, కాస్త తేడా కనిపించినట్టే ఉంటుంది, ఇంకో డ్రైవ్ పెట్టేసరికి కథ మళ్లీ మొదటికొస్తుంది. అసలు చిక్కేంటంటే "యూఎస్‌బీ స్లోగా ఉంది" అనే ఒక్క మాట వెనక ఒకదానితో ఒకటి సంబంధం లేని సమస్యలు చాలా ఉన్నాయి. డేటా ర్యామ్‌లోనే పేరుకుపోయి ఉండొచ్చు, డ్రైవ్‌కీ కంప్యూటర్‌కీ మధ్య లింక్ తక్కువ వేగంలో కుదిరి ఉండొచ్చు, అడాప్టర్‌కీ, లైనక్స్ మూలభాగమైన కెర్నెల్‌లోని డ్రైవర్‌కీ పడకపోవచ్చు, ఫైల్ సిస్టమ్ అడ్డుపడొచ్చు, లేదా ఆ డ్రైవ్‌లోని చిప్ వేగమే అంతై ఉండొచ్చు. ఒకదానికి చెప్పిన పరిష్కారం ఇంకోదానికి ఏమాత్రం పనికిరాదు. అందుకే సెట్టింగులు మార్చడానికి ముందు కొలవాలి.

మొదట ప్రోగ్రెస్ బార్ సంగతి చూద్దాం, ఎందుకంటే ఎక్కువమంది తప్పుదారి పట్టేది ఇక్కడే. ఫైల్ మేనేజర్ గానీ సీపీ కమాండ్ గానీ మామూలుగా డేటాని నేరుగా డ్రైవ్‌లోకి రాయదు. కెర్నెల్‌కి అప్పగిస్తుంది. కెర్నెల్ దాన్ని ర్యామ్‌లోని పేజీ క్యాష్‌లో పెట్టుకుని, పని అయిపోయిందని ప్రోగ్రామ్‌కి చెప్పేసి, డ్రైవ్‌కి పంపే పనిని తర్వాత నెమ్మదిగా చూసుకుంటుంది. ఇలా ర్యామ్‌కి చేరి డ్రైవ్‌కి ఇంకా చేరని పేజీల్ని (మెమరీ ముక్కల్ని) డర్టీ పేజీలు అంటారు. బార్ కొలిచేది కెర్నెల్‌కి ఎంత అప్పగించారన్నది మాత్రమే, డ్రైవ్‌లో ఎంత పడిందన్నది దానికి తెలియదు. తొట్టి నింపడం నిమిషం పని, కింద కన్నం సన్నగా ఉంటే ఖాళీ అవడానికి మాత్రం గంట పడుతుంది. ఇదీ అంతే.

ఎంతవరకు నింపొచ్చన్నదానికి కెర్నెల్‌లో రెండు హద్దులు ఉంటాయి. అందుబాటులో ఉన్న మెమరీలో 10 శాతం డర్టీ పేజీలు చేరితే కెర్నెల్ వెనకాల రాయడం మొదలుపెడుతుంది, దీని పేరు డర్టీ బ్యాక్‌గ్రౌండ్ రేషియో. డర్టీ రేషియో అనే రెండో హద్దు 20 శాతం. ఇది పైహద్దు. కెర్నెల్ అక్కడిదాకా కూడా ఆగదు, ఈ రెండింటికీ మధ్యలో ఉండగానే రాస్తున్న ప్రోగ్రామ్‌ని కొంచెం కొంచెం నిద్రపుచ్చుతూ వేగం తగ్గించడం మొదలుపెడుతుంది. ఇవి కెర్నెల్ డీఫాల్ట్ విలువలు, కొన్ని డిస్ట్రోలు (లైనక్స్ రకాలు) వీటిని మార్చుకుంటాయి. హద్దు దాటకపోయినా సరే, 30 సెకన్లు పాతబడిన డర్టీ పేజీల్ని డ్రైవ్‌కి పంపేస్తుంది.

ఒక లెక్క వేసి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. 16 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో 12 జీబీ దాకా అందుబాటులో ఉందనుకోండి. మొదటి హద్దు 1.2 జీబీ, రెండోది 2.4 జీబీ. సెకనుకి 8 ఎంబీ మాత్రమే రాయగల పెన్‌డ్రైవ్‌కి 1.5 జీబీ వీడియో ఒకటి కాపీ చేస్తే, ఆ ఫైల్ మొత్తం ర్యామ్‌లోనే పట్టేస్తుంది కాబట్టి కొన్ని సెకన్లలోనే బార్ నిండిపోతుంది. డ్రైవ్‌లోకి మాత్రం అదంతా చేరడానికి మూడు నిమిషాలకి పైనే పడుతుంది. అదే టైమ్‌లో ఇంకో టెర్మినల్ తెరిచి, వాచ్ కమాండ్‌తో ప్రాక్ డైరెక్టరీలోని మెమ్‌ఇన్‌ఫో ఫైల్‌ని సెకనుకోసారి చూస్తూ ఉంటే, అందులో డర్టీ, రైట్‌బ్యాక్ అనే రెండు లైన్లు కనిపిస్తాయి. డర్టీ ఒక్కసారిగా లక్షల కిలోబైట్లకి ఎగబాకుతుంది, తర్వాత డ్రైవ్ వేగం ఎంతో అంత చొప్పున మెట్లు మెట్లుగా దిగుతుంది. రైట్‌బ్యాక్ అంటే ప్రస్తుతం డ్రైవ్ వైపు వెళ్తున్న భాగం. ఈ రెండూ దాదాపు సున్నాకి వచ్చేవరకూ కాపీ అయిపోనట్టే. ఈలోపు డ్రైవ్ లాగేస్తే ఫైల్ పేరు, సైజు అన్నీ సరిగ్గానే కనిపిస్తూ లోపల సగం చెత్త ఉండే ప్రమాదం ఉంది, ఇది చాలా మందికి అనుభవంలోకి వచ్చాకే తెలుస్తుంది.

ఇప్పుడు అదే డ్రైవ్‌కి 10 జీబీ ఫైల్ పంపితే కథ ఇంకోలా కనిపిస్తుంది. మొదటి ఒకటిన్నర, రెండు జీబీ ఉరుకులు పరుగుల మీద పోతుంది, ఆ తర్వాత కెర్నెల్ బ్రేకులు వేస్తుంది. "300 ఎంబీతో మొదలై 8 ఎంబీకి పడిపోయింది" అని జనం చెప్పేది దీన్నే. నిజానికి ఏదీ పడిపోలేదు, మొదటి నుంచీ డ్రైవ్ 8 ఎంబీ దగ్గరే ఉంది, ఆ 300 అన్నది ర్యామ్ వేగం. మిగిలిన సమయం అంటూ చూపించే అంకె కూడా ఈ తప్పుడు సగటు మీద వేసిందే కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ర్యామ్ మెగాబైట్లలో ఉన్న కాలంలో ఈ శాతాలు సబబుగానే ఉండేవి. గిగాబైట్లలోకి వచ్చాక పది శాతం, ఇరవై శాతం అంటే నెమ్మది డ్రైవ్‌కి చాలా పెద్ద భారం. 2013లో కెర్నెల్ డెవలపర్ల మధ్య దీనిమీద గట్టి చర్చే జరిగింది, ఈ శాతాల లెక్క ఎప్పుడో చిన్న మెమరీల రోజుల నాటిదని లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కూడా ఒప్పుకున్నారు. ఇబ్బంది పెన్‌డ్రైవ్ దగ్గరే ఆగిపోతే ఫర్వాలేదు, కానీ ఈ హద్దులు మొత్తం సిస్టమ్‌కి కలిపి ఉండటం వల్ల ఒక నాసిరకం డ్రైవ్‌కి కాపీ జరుగుతున్నప్పుడు బ్రౌజర్ కూడా మధ్యమధ్యలో కొయ్యబారిపోయే అవకాశం ఉంది.

దీనికి చేయగలిగింది ఒకటుంది. శాతాలకు బదులు నేరుగా బైట్లలో హద్దు పెట్టుకోవచ్చు. ప్రాక్ కింద సిస్, దాని కింద వీఎం డైరెక్టరీలో డర్టీ బైట్స్, డర్టీ బ్యాక్‌గ్రౌండ్ బైట్స్ అనే ఫైళ్లు ఉంటాయి, మొదటిదానికి ఓ 200 ఎంబీ, రెండోదానికి 50 ఎంబీ దగ్గర పెడితే బార్ దాదాపు నిజమే చెబుతుంది. బైట్లలో పెట్టగానే శాతాల విలువలు వాటంతటవే సున్నా అవుతాయి, కంగారు పడక్కర్లేదు. రీబూట్ చేస్తే పాత విలువలే వస్తాయి, శాశ్వతంగా కావాలంటే ఈటీసీ కింద ఉండే సిస్‌సీటీఎల్ డాట్ డీ డైరెక్టరీలో రాసి పెట్టుకోవాలి. అయితే ఒక్కటి గట్టిగా చెప్పుకోవాలి: దీనివల్ల డ్రైవ్ ఒక్క ఎంబీ కూడా వేగం పుంజుకోదు. బార్ నిజం చెబుతుంది, మిగతా సిస్టమ్ ఊపిరి పీల్చుకుంటుంది, అంతే. పైగా లోపల మంచి ఎస్‌ఎస్‌డీ ఉండి దానిమీద భారీగా రాసే పనులు చేసేవాళ్లకి ఇంత చిన్న హద్దు నష్టమే చేయొచ్చు.

అసలు వేగం ఎంతో తెలియాలంటే క్యాష్‌ని పక్కనపెట్టి కొలవాలి. డ్రైవ్ మౌంట్ అయిన (అంటే డ్రైవ్‌లోని ఫైళ్లు కనిపించే) ఫోల్డర్‌లోకి డీడీ కమాండ్‌తో ఒక 1 జీబీ టెస్ట్ ఫైల్ రాయండి, బ్లాక్ సైజు 4 ఎంబీ పెట్టి, కన్వ్ అనే ఆప్షన్‌కి ఎఫ్‌సింక్ ఇవ్వండి. డేటా నిజంగా డ్రైవ్‌కి చేరాకే డీడీ లెక్క చెబుతుంది. స్టేటస్‌కి ప్రోగ్రెస్ ఇస్తే మధ్యలో కూడా అంకెలు కనిపిస్తాయి గానీ, నమ్మాల్సింది చివర్లో వచ్చే అంకెనే. ఇక్కడ ఒక్క జాగ్రత్త. ఎక్కడ రాయాలో చెప్పే ఓఎఫ్ దగ్గర ఇవ్వాల్సింది మౌంట్ అయిన ఫోల్డర్‌లోని ఫైల్ పేరు. పొరపాటున డెవ్ కింద ఉన్న డ్రైవ్ పేరు ఇస్తే డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

ఆ వచ్చిన అంకె చాలా సంగతులు చెబుతుంది. సెకనుకి 30 నుంచి 40 ఎంబీ మధ్య ఇరుక్కుపోయి, డ్రైవ్ మాత్రం యూఎస్‌బీ 3 అని రాసి ఉంటే, లింక్ యూఎస్‌బీ 2 వేగంలో కుదిరిందని దాదాపు ఖాయం. 1 ఎంబీ చుట్టుపక్కల ఉంటే లింక్ ఇంకా కిందకి, 12 మెగాబిట్ల పాత వేగానికి దిగజారిందేమో చూడాలి, లేదా సింక్ అనే ఆప్షన్‌తో (దీని సంగతి తర్వాత చూద్దాం) మౌంట్ అయిందేమో చూడాలి. 5 నుంచి 15 ఎంబీ మధ్య అయితే చాలావరకు పెన్‌డ్రైవ్ చిప్ సత్తానే అంత. చదివేటప్పుడు బాగానే ఉండి రాసేటప్పుడే ఈడిగిలబడితే కూడా అనుమానించాల్సింది చిప్‌నే.

లింక్ వేగం తెలుసుకోవడానికి ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌కి టీ ఆప్షన్ ఇస్తే చాలు, చెట్టు ఆకారంలో అన్ని పోర్టులూ వస్తాయి, ప్రతి డివైస్ పక్కన చివర్లో దాని వేగం మెగాబిట్లలో ఉంటుంది. 12 అంటే యూఎస్‌బీ 1.1, 480 అంటే యూఎస్‌బీ 2, 5000 అంటే యూఎస్‌బీ 3, 10000 అంటే దాని తర్వాతి తరం. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2 కాగితం మీద 480 మెగాబిట్లు అంటే సెకనుకి 60 ఎంబీ, ప్రోటోకాల్ ఖర్చులు పోను చేతికొచ్చేది ఇందాక చెప్పిన 30-40 మాత్రమే. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0 5000 మెగాబిట్లు, ఎన్‌కోడింగ్‌లోనే ఐదో వంతు పోయి 500 ఎంబీ మిగులుతుంది, నిజ జీవితంలో ఇంకాస్త తక్కువ. కెర్నెల్ మెసేజ్‌లు చూపించే డీమెస్గ్ కమాండ్‌లో వచ్చే మెసేజ్ చూసి మోసపోవద్దు, అక్కడ "హై స్పీడ్" అని కనిపిస్తే అది యూఎస్‌బీ 2 అన్నమాట, యూఎస్‌బీ 3 అయితే "సూపర్ స్పీడ్" అని ఉంటుంది. ఇంకో తికమక కూడా ఉంది: ఒకే నీలం రంగు పోర్టు ఈ చెట్టులో రెండు చోట్ల కనిపిస్తుంది, 480 కొమ్మ కింద ఒకసారి, 5000 కొమ్మ కింద ఒకసారి. యూఎస్‌బీ 3 డ్రైవ్ 480 కొమ్మ కింద తేలిందంటే పోర్టుకి ఆ సత్తా లేదని అనుకోనక్కర్లేదు, ఆ డ్రైవ్ అక్కడ సరిగ్గా కుదరలేదనే అర్థం.

ఎందుకు కుదరదంటే, చాలాసార్లు కారణం వైరే. మామూలు యూఎస్‌బీ 3 ప్లగ్‌లో పాత నాలుగు పిన్నులతో పాటు లోపలివైపు ఇంకో ఐదు ఉంటాయి. ఆ ఐదు సరిగ్గా తగలకపోతే, లేదా మరీ నెమ్మదిగా గుచ్చడం వల్ల పాత నాలుగు ముందు తగిలితే, కనెక్షన్ యూఎస్‌బీ 2 గానే స్థిరపడిపోవచ్చు. డ్రైవ్ పనిచేస్తుంది, ఎర్రర్ ఏదీ రాదు, వేగం మాత్రం ఉండదు. తీసి ఒక్క ఊపున గట్టిగా గుచ్చితే సరిపోయిన సందర్భాలు బోలెడు. పోర్టులో దుమ్ము, డెస్క్‌టాప్ ముందువైపు పోర్టులకి లోపల వెళ్లే నాసిరకం వైరు, పొడవాటి ఎక్స్‌టెన్షన్, ఇవన్నీ ఇదే ఫలితాన్నిస్తాయి, అందుకే మదర్‌బోర్డు వెనక పోర్టులో ఓసారి పెట్టి చూడటం మంచిది. పాత ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులకి ఉండే వెడల్పాటి మైక్రో సాకెట్‌లో పాత ఫోన్ చార్జింగ్ కేబుల్ కూడా పట్టేస్తుంది, డిస్క్ పనిచేస్తుంది కూడా, కానీ యూఎస్‌బీ 2 వేగంతో. టైప్-సీ కేబుళ్ల సంగతి మరీ ఘోరం, రెండు చివర్లా అచ్చం ఒకేలా ఉన్నా, చార్జింగ్ కోసం ఇచ్చే వాటిలో చాలా వాటికి లోపల యూఎస్‌బీ 2 తీగలే ఉంటాయి. కొత్త డ్రైవ్ కొనే ముందు కేబుల్ మార్చి చూడటం అన్నిటికన్నా చవకైన పరీక్ష. హబ్ ఉంటే దాన్ని తప్పించి నేరుగా పెట్టండి, ఒకే హబ్ మీద ఉన్నవన్నీ ఒకే దారిని పంచుకుంటాయి.

అదే చెట్టులో డ్రైవర్ పేరు కూడా ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లకి ఎక్కువగా యూఎస్‌బీ-స్టోరేజ్ అని, ఎస్‌ఎస్‌డీ పెట్టుకునే డబ్బాలకి (ఎన్‌క్లోజర్లకి) చాలావరకు యూఏఎస్ అని కనిపిస్తుంది. పాత పద్ధతి అయిన యూఎస్‌బీ-స్టోరేజ్‌లో ఒక ఆదేశం పూర్తయ్యాకే ఇంకోటి వెళ్తుంది, యూఏఎస్‌లో చాలా ఆదేశాలు ఒకేసారి క్యూలో ఉంటాయి కాబట్టి వేగం ఎక్కువ. కానీ సాటా డిస్కుని యూఎస్‌బీకి కలిపే కొన్ని అడాప్టర్ చిప్పులు యూఏఎస్ చేస్తామని చెప్పి, లోడ్ పడగానే చేతులెత్తేస్తాయి. లక్షణాలు స్పష్టంగానే ఉంటాయి: కాపీ బాగా నడుస్తూ ఉన్నట్టుండి అర నిమిషం ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది, డీమెస్గ్‌లో యూఏఎస్ అబార్ట్ మెసేజ్‌లూ, వాటి కిందే డివైస్ రీసెట్ చేశామన్న లైన్లూ వరుసగా పడుతుంటాయి. అలాంటి అడాప్టర్‌కి మాత్రం యూఏఎస్ ఆపేయొచ్చు. ఎల్ఎస్‌యూఎస్‌బీ చూపించే వెండర్, ప్రొడక్ట్ ఐడీలు తీసుకుని, యూఎస్‌బీ-స్టోరేజ్ మాడ్యూల్ క్వర్క్స్ పారామీటర్‌లో వాటి పక్కన కోలన్ పెట్టి చిన్నబడి యూ అక్షరం చేర్చి బూట్ లైన్‌లో ఇస్తే, కెర్నెల్ ఆ డివైస్‌ని పాత పద్ధతిలోనే నడుపుతుంది. గరిష్ఠ వేగం కొంత తగ్గుతుంది, అయినా సరే, మధ్యమధ్యలో రీసెట్ అయ్యే డిస్క్ మీద డేటా పెట్టుకోవడం కన్నా అదే మేలు. రీసెట్లు కరెంట్ చాలక కూడా వస్తాయి, కాబట్టి ఇంకో పోర్టులో, సొంత అడాప్టర్ ఉన్న హబ్‌తో కూడా ఓసారి చూసి అప్పుడు ఈ నిర్ణయానికి రావాలి.

ఫైల్ సిస్టమ్ దగ్గర చూడాల్సింది ముందుగా మౌంట్ ఆప్షన్లు. ఫైండ్‌మౌంట్ కమాండ్ ఇస్తే వస్తాయి. అందులో సింక్ అని ఉంటే దొంగ దొరికినట్టే. డ్రైవ్ ఎప్పుడు లాగినా డేటా పోకూడదన్న మంచి ఉద్దేశంతోనే ఎవరో ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే మౌంట్ సెట్టింగుల ఫైల్‌లో అది పెట్టి ఉంటారు, కానీ దానివల్ల ప్రతి చిన్న రాతకీ కెర్నెల్ డ్రైవ్ జవాబు కోసం ఆగాల్సి వస్తుంది, ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే ఫ్యాట్ టేబుల్ ఉన్న అదే చోటు మళ్లీ మళ్లీ తిరగరాయాల్సి వస్తుంది. వేగం పాతాళానికి పోతుంది, ఫ్లాష్ ఆయుష్షూ తగ్గుతుంది, మౌంట్ మాన్యువల్లోనే ఈ హెచ్చరిక ఉంది. ఫ్యాట్ డ్రైవ్‌లకి ఫ్లష్ అనే మధ్యేమార్గం ఉంది, అది డేటాని మామూలుకన్నా త్వరగా డ్రైవ్‌కి పంపించేస్తుంది, సింక్ అంత కఠినంగా ఉండదు.

విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ ఉన్న డ్రైవ్ అయితే కాపీ జరుగుతుండగా టాప్ కమాండ్ చూడండి. మౌంట్ డాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ప్రాసెస్ సీపీయూని నమిలేస్తుంటే అది కెర్నెల్ బయట ఫ్యూజ్ అనే ఏర్పాటు ద్వారా నడిచే ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ. 2021లో వచ్చిన 5.15 కెర్నెల్ నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్3 అనే డ్రైవర్ కెర్నెల్ లోపలే ఉంది, బలహీనమైన ప్రాసెసర్ ఉన్న మెషీన్లలో తేడా బాగా తెలుస్తుంది. ఎక్స్‌ఫ్యాట్ కూడా అంతే, 2020 నాటి 5.7 కెర్నెల్ నుంచి మంచి డ్రైవర్ లోపలే ఉంది, ఇంకా పాత ఫ్యూజ్ ప్యాకేజీ వాడుతున్న సిస్టమ్ అయితే మార్చుకోవడం మంచిది.

ఇక చిన్న ఫైళ్లు. వేల సంఖ్యలో చిన్న ఫైళ్లున్న ఫోల్డర్‌కీ, అంతే సైజున్న ఒక్క ఫైల్‌కీ పట్టే సమయంలో బోలెడు తేడా ఉండటం తప్పు కాదు, ప్రతి ఫైల్‌కీ డైరెక్టరీ ఎంట్రీ, టేబుల్ అప్‌డేట్, మళ్లీ కాస్త డేటా రాయాలి. కంప్రెషన్ లేకుండా టార్‌గా కట్టి ఒకే ఫైల్‌గా పంపితే చాలాసార్లు వెంటనే ఫలితం కనిపిస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా వేగం లేదంటే మిగిలింది డ్రైవ్ లోపలి ఫ్లాషే. ఫ్లాష్‌లో ఉన్నచోటే తిరగరాయడం కుదరదు, ఒక పెద్ద బ్లాక్ మొత్తం చెరిపితే తప్ప అందులో కొత్తగా రాయలేరు. నిండుగా ఉన్న డ్రైవ్‌లో చిన్న మార్పు చేయాలన్నా డ్రైవ్‌ని నడిపే కంట్రోలర్ చిప్ పక్కనున్న డేటాని ఇంకో చోటికి జరిపి, చెరిపి, మళ్లీ రాయాల్సి వస్తుంది. చవక పెన్‌డ్రైవ్‌లలో ఆ కంట్రోలర్ చాలా సాదాసీదాది, ఖాళీ అయిన చోట్ల గురించి దానికి చెప్పే ట్రిమ్ సౌకర్యం కూడా ఎక్కువగా ఉండదు. కొన్ని డ్రైవ్‌లు కొంత భాగాన్ని వేగవంతమైన క్యాష్‌గా వాడుకుంటాయి, అది నిండేదాకా జోరుగా సాగి తర్వాత వేగం సగానికో పదో వంతుకో జారిపోతుంది. ఇది ర్యామ్ క్యాష్ చేసే మాయలాగే కనిపిస్తుంది గానీ వేరు, రెండింటినీ విడదీయాలంటే సిస్‌స్టాట్ ప్యాకేజీలోని ఐఓస్టాట్‌ని ఎక్స్ ఆప్షన్‌తో సెకనుకోసారి నడపండి. అది డ్రైవ్‌కి సెకనుకి నిజంగా చేరుతున్న కిలోబైట్లు చూపిస్తుంది. అందులో కూడా మొదట ఎక్కువగా ఉండి తర్వాత పడిపోతే, అది డ్రైవ్ క్యాష్ అయిపోవడమో, వేడెక్కి తనంతట తానే తగ్గడమో. కొంచెం సేపు ఆపి, చల్లారాక మళ్లీ చూస్తే రెండోదేమో కొంతవరకు అంచనా వేయొచ్చు. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో ముద్రించే వేగం చదివే వేగమే, రాసే వేగం గురించి చాలామంది తయారీదారులు నోరు మెదపరు, ఇది కొనేవాళ్లకి అన్యాయమే.

సైజు విషయంలో అబద్ధం చెప్పే నకిలీ డ్రైవ్‌లు కూడా ఉన్నాయి. 256 జీబీ అని చెప్పుకుంటూ లోపల అందులో చిన్న ముక్కే ఉంటుంది. కొంత దూరం బాగానే రాసి ఆ తర్వాత వేగం చిందరవందర అయిపోతే, లేదా కాపీ అయిన ఫైళ్లు తెరుచుకోకపోతే ఎఫ్3 అనే ప్యాకేజీతో పరీక్షించండి, ఎఫ్3రైట్ డ్రైవ్ నిండా రాస్తుంది, ఎఫ్3రీడ్ తిరిగి చదివి ఎంత నిజమో చెబుతుంది. టైమ్ తీసుకుంటుంది కానీ ముఖ్యమైన డేటా పెట్టుకోబోయే కొత్త డ్రైవ్‌కి ఈ పరీక్ష చేయాల్సిందే.

ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కుల్లో ఎస్‌ఎంఆర్ రకానివి (ట్రాక్‌లని ఒకదానిమీద ఒకటి కొంత పడేలా రాసేవి) పెద్ద కాపీల మధ్యలో కూలబడటం వాటి నిర్మాణంలోనే ఉంది, వాటికి విరామం ఇస్తే వెనకాల సర్దుకుంటాయి. కానీ డీమెస్గ్‌లో ఐఓ ఎర్రర్ అంటూ సెక్టర్ నంబర్లతో లైన్లు వస్తుంటే అది వేగం సమస్య కాదు. అక్కడితో టెస్టులన్నీ ఆపేయాలి. డీడీ, ఎఫ్3 లాంటివి ఇంకా నడిపితే మిగిలిన కాస్త ప్రాణం కూడా పోతుంది. హార్డ్‌డిస్క్ అయితే డిస్క్ ఆరోగ్యం చూపించే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌కి డీ ఆప్షన్‌గా శాట్ ఇచ్చి పెండింగ్ సెక్టర్లు, రీఅలొకేటెడ్ సెక్టర్లు ఎన్నున్నాయో చూడొచ్చు, చాలా యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ల ద్వారా ఇది పనిచేస్తుంది. బ్యాకప్ లేని డేటా ఉంటే మామూలు కాపీ పెట్టి పదేపదే ప్రయత్నించడం కన్నా జీఎన్‌యూ డీడీరెస్క్యూతో, మ్యాప్ ఫైల్ పెట్టుకుని, ముందు తేలిగ్గా చదవగలిగిన భాగాలన్నీ ఇంకో డిస్క్ మీదకి ఇమేజ్‌గా తీసుకోండి. చదవడానికి మొరాయించే చోట్లకి అది చివర్లో మళ్లీ వెళ్తుంది, మధ్యలో డ్రైవ్ ఊడిపోయినా మ్యాప్ ఫైల్ ఉంటే ఆగిన చోటి నుంచే కొనసాగుతుంది.